తూకం తగ్గని కత్తి

జిల్లా ఆస్పత్రిలో ఒక హాలుకి నేల పరచడం ఎంతసేపు పని అని ఎవరైనా అడిగారంటే, వాళ్ళు ఏనాడూ సర్కారు కొలువు చెయ్యలేదని తెలిసిపోతుంది. అసిస్టెంట్ ఇంజనీరు గెద్దాడ వరహాలరావు జుట్టు నెరిసేదాకా ఆ కొలువే చేశాడు. ఆస్పత్రి భవనాల సంస్థలో చేరిన కొత్తలోనే ఇలాంటి ప్రశ్నలు మానేశాడు. అలాంటివాడు ఈ ఏడు మళ్ళీ ఆ ప్రశ్న అడగడం మొదలుపెట్టాడంటే దానికి కారణం అతని భార్య మంగతాయారు.

దసరా వెళ్ళిన వారానికే ఆవిడకి పక్షవాతం వచ్చింది. కుడి కాలు, కుడి చెయ్యి పడిపోయాయి. నోటికి మాత్రం ఏమీ కాలేదు. మందులతో, మాలీషులతో చెయ్యి కొంత స్వాధీనంలోకి వచ్చింది. కాలు కూడా దారికొస్తోంది. రోజూ పొద్దున్నే ఆస్పత్రి వరండాలో వాకరు పట్టుకుని అడుగులో అడుగు వేస్తుంది. ఆ వరండాలో ఉన్నది అద్దంలాంటి గ్రానైటు. మామూలు మనుషులే గోడ పట్టుకుని నడుస్తారు.

"ఈ రాతి మీద వాకరు వదిలితే నేనొప్పుకోనండి" అంది ఫిజియోథెరపిస్టు షకీలా. "కొత్త హాల్లో గరుకు పలకల నేల పడనివ్వండి. అడుగు జారదు. ఆ రోజే వాకరు వదిలించేస్తాను. ఆంటీగారి కాలు సిద్ధంగానే ఉందండి, సిద్ధంగా లేనిది మీ హాలే!"

ఆ హాలు వరహాలరావు చేతికిందిదే. అందుకని ఆ మాట ఆయనకి సూటిగా తగిలింది.

పలకలు వచ్చి ఉన్నాయి. చెక్కలాగా కనిపించే లామినేట్ పలకలు, ఒకదానిలో ఒకటి బిగుసుకుంటాయి. గోడ దగ్గరికి వచ్చేసరికి మాత్రం చివరి పలకను కొలతకి కోసి అమర్చాలి. రోగుల చెవులు పగలకూడదు, దుమ్ము లేవకూడదు కాబట్టి కరెంటు రంపం వాడకూడదన్నారు. స్టోరు నుంచి చేతికట్టరు వచ్చింది. పైన పొడుగాటి పిడి, కింద బారెడు కత్తి. పలకను కత్తి కింద పెట్టి పిడి లాగితే తెగుతుంది. సంస్థ కాగితాల్లో దాని పేరు 'హస్తచాలిత నేలపలకల కర్తన యంత్రం'. అంత పేరు మోస్తూ ఎన్నో ఏళ్ళుగా స్టోరులో కూర్చుని ఉంది.

మేస్త్రి నూకరాజు మొదటి పలక పెట్టి పిడి లాగాడు. పలక తెగలేదు, మూలిగింది. రెండోసారి ఒళ్ళంతా వేసి లాగితే ఫెళ్ళుమని రెండైంది. అంచు ఎలుక కొరికిన అట్టపెట్టెలాగా తయారైంది.

"నా తప్పేం లేదండి ఆయ్" అన్నాడు నూకరాజు చేతులు దులుపుకుంటూ. "కత్తి మొద్దుబారిపోయిందండి. వేలెట్టి రాసినా గీత పడట్లేదు, సూడండి."

కత్తి మొద్దుబారిందని నూకరాజుకి తెలుసు, వరహాలరావుకి తెలుసు, తలుపు దగ్గర నిలబడి చూసిన ఆయాకి కూడా తెలుసు. సూపరింటెండింగ్ ఇంజనీరు కోదండపాణిగారికైతే అందరికంటే ముందే తెలుసు. తెలియకపోవడం వల్ల ఏ పనీ ఆగిపోయే సంస్థ కాదది.

మరి ఈ పని ఎందుకు ఆగిపోయిందో చెప్పాలంటే గునపం సంగతి చెప్పాలి. పూర్వం ఆ స్టోరులో నిలువెత్తు గునపం ఒకటుండేది. ఏటేటా ఎవరో ఓర్పుగల మనిషి దాని వెనక్కొసని జానెడు చొప్పున కోసి పట్టుకుపోయాడు. ఏటా తనిఖీ జరుగుతూనే ఉంది. 'గునపం – ఒకటి' అని రాసి ఉండేది, చూస్తే ఒకటి ఉండేది, సంతకం పెట్టేవారు. చివరికి అది స్క్రూడ్రైవరంత అయ్యాక ఎవరికో అనుమానం వచ్చింది. పెద్ద విచారణే జరిగింది. అప్పుడు పుట్టింది ఆ నియమం: సంస్థకు చెందిన ఏ పరికరమూ, ఏ కారణం చేతనైనా, తన తూకంలో తరుగు చూపరాదు.

అప్పటినుంచి ఆయుధపూజకి ముందురోజు తూకం వేస్తారు. పారలు, సుత్తులు, కత్తెరలు అన్నిటినీ కిరసనాయిలుతో కడిగి, పోయినేటి కుంకుమ బొట్లు కూడా గీకేసి, కాటాలో పెడతారు. పదును పెడితే ఉక్కు అరుగుతుంది, అరిగితే తూకం తగ్గుతుంది, తగ్గితే ఎవరో ఒకరు సంజాయిషీ ఇచ్చుకోవాలి. అందుచేత ఆ సంస్థలో దేనికీ పదును పెట్టడం లేదు. తోటమాలి గడ్డిని చేత్తో పీకుతాడు. ఆస్పత్రి వంటింటి కత్తిపీటలు కూడా ఈ సంస్థవే కాబట్టి వంటమనిషి గుమ్మడికాయని ఎత్తి నేలకేసి కొట్టి పగలగొడుతుంది. సాంబారులో ములక్కాడ నిలువునా వస్తుంది. అదేదో డాక్టరుగారు చెప్పిన పథ్యమని రోగులు భక్తిగా తింటారు.

ఇదంతా తెలిసి కూడా వరహాలరావు కోదండపాణిగారి గదికి వెళ్ళాడు. మంగతాయారు కాలు గుర్తొచ్చి వెళ్ళాడు.

"కత్తికి పదును పెట్టిస్తే ఒక్క పూటలో అయిపోతుందండి."

కోదండపాణిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "వరహాలరావుగారూ, మీరంటున్నది పదును. నాకు వినిపిస్తున్నది ప్రభుత్వ ఉక్కు పొడిపొడిగా నేలపాలవుతున్న చప్పుడు."

"పోనీ కొత్త కత్తి తెప్పిద్దామండి."

"కొత్తది తెప్పించాలంటే సదరు పాత కత్తిని నిరుపయోగమని తేల్చాలి. నిరుపయోగమంటే ఏమిటి? తూకం తరిగినది. ఈ కత్తి తూకం నిండుగా ఉంది. పిసరంత తరుగు లేదు. నిండుగా ఉన్న పరికరాన్ని పనికిరాదనడం, భోజనం చేస్తున్న మనిషికి మరణ ధ్రువపత్రం ఇవ్వడమే అవుతుంది."

వరహాలరావు ఇంకో దారి పట్టాడు. "అంచు ఎలా ఉన్నా గోడవార బీడింగ్ పట్టీ వేస్తామండి. దాని కిందకి పోతుంది. ఎవరికీ కనపడదు."

"కనపడని చోట పాటించేదే నాణ్యత! పైగా తనిఖీ అయ్యాకనే బీడింగ్ వేయవలెను. తనిఖీలో అంచు బాగుండవలెను."

"బాగులేదు కదండి."

"కాబట్టి కోత నాణ్యతను మెరుగుపరచవలెను."

"దేంతోనండి?"

"కత్తి తప్ప మిగతా అన్నిటితోనూ" అన్నారు కోదండపాణిగారు, గంట కొడుతూ.

సాయంత్రం ఇంట్లో మంగతాయారు కుర్చీలో కూర్చుని బంతి పిసుకుతూ ఇదంతా విన్నది. విని, "మీ ఆఫీసు కత్తి తూకానికీ నా కాలికీ సంబంధమేంటండీ?" అంది.

వరహాలరావు మళ్ళీ మొదటినుంచీ చెప్పబోయాడు.

"ఆ గునపం కథ వద్దు. పెళ్ళైన దగ్గర్నుంచీ వింటున్నాను. ఓ సానరాయి కొనుక్కెళ్ళి, ఎవరూ చూడనప్పుడు మీరే రెండు రుద్దులు రుద్దెయ్యకూడదూ?"

"అలా కాదే తాయారూ. దానికో పద్ధతుంటుంది."

"పద్ధతంటే భయానికి మీ ఆఫీసోళ్ళు పెట్టుకున్న ముద్దుపేరన్నమాట" అంది ఆవిడ. అని, కుడికాలు ఎడంచేత్తో ఎత్తి పీట మీద పెట్టుకుంది.

వరహాలరావుకి సిగ్గేసింది. మర్నాడు బజారులో సానరాయి కొన్నాడు. భోజనం క్యారేజీ సంచిలో పెట్టుకున్నాడు. ఆ రాయి రోజూ అతనితోపాటు ఆఫీసుకి వెళ్ళేది, రోజూ అతనితోపాటు ఇంటికి వచ్చేది. వరహాలరావు చెడ్డవాడు కాడు, ధైర్యవంతుడూ కాడు.

ఈలోగా సంస్థలో కోత నాణ్యతా పెంపుదల విభాగం వెలిసింది. రాజధాని నుంచి నిశాంత్ అనే నిపుణుణ్ణి పిలిపించారు. సన్నగా, చలాకీగా, చెప్పుల్లేకుండా హాల్లోకి వచ్చాడు. కట్టరు చుట్టూ తిరిగి, కళ్ళు మూసుకుని, దానికి నమస్కారం పెట్టాడు. కత్తివైపు మాత్రం చూడలేదు. చూడవద్దని ముందే చెప్పి ఉంచారు.

"కట్ అనేది బ్లేడులో లేదు సార్" అన్నాడు. "మైండులో ఉంది. మేస్త్రిగారూ, మీరు పలకను కోస్తున్నారా, పలకతో సంభాషిస్తున్నారా?"

"కోత్తన్నానండి" అన్నాడు నూకరాజు.

"చూశారా సార్, అక్కడే ఉంది సమస్య!"

కోదండపాణిగారు ఆ మాటని రాసుకున్నారు. ఆ రోజునుంచీ కోతకి ముందు ప్రతిజ్ఞ మొదలైంది. 'తిన్నని అంచే నా ధ్యేయం' అని అందరూ చెయ్యి చాపి చెప్పాక, ఊపిరి పీల్చుకుని, పలకను ప్రేమగా తలుచుకుని, ఊపిరి వదులుతూ పిడి లాగాలి. లాగారు. పలక ఫెళ్ళుమంది. అంచుల్ని కోదండపాణిగారు భూతద్దంతో పరీక్షించి, 'కొరుకుడులో ఆశాజనకమైన తగ్గుదల' అని రాశారు. పిడికి రంగు మార్చారు. కట్టరు ముఖం తూర్పుకి తిప్పారు. పక్కన వీణ రికార్డు పెట్టారు. వీణ బాగానే వినిపించింది గాని, నడుమ నడుమ ఫెళ్ళుమనే చప్పుడు ఆగలేదు.

నూకరాజుకి 'కోత సారథి' అని బిళ్ళ ఇచ్చి చొక్కాకి తగిలించారు. బిళ్ళ తగిలించుకున్న మర్నాటినుంచి అతను పిడి ముట్టుకోలేదు.

"నేనిప్పుడు శిక్షకుణ్ణండి ఆయ్" అన్నాడు వరహాలరావుతో. "నేర్పుతాను గాని కొయ్యను. కోత్తే హోదా పోద్దన్నారండి నిశాంత్ గారు."

"మరి కోసేదెవరయ్యా?"

"శిక్షణ అయినోళ్ళండి. అవగానే ఆళ్ళూ శిక్షకులైపోతన్నారు, అదే కొంచెం ఇబ్బందిగా ఉందండి."

అంతటితో ఆగినా బాగుండేది. పిడి లాగేవాళ్ళ భుజాలు పట్టేస్తున్నాయని తేలింది. వాళ్ళకి భుజాల కసరత్తు నేర్పడానికి షకీలాని పంపమన్నారు. పొద్దుటిపూట రోగుల కోసం ఉంచిన సమయమంతా శిక్షకుల భుజాలకి పోయింది. రోగులు వరండాలో వరసగా బల్లల మీద కూర్చుని, హాల్లో నిక్షేపంలాంటి మనుషులు చేతులు తిప్పుతూ ఉంటే చూస్తున్నారు. వాళ్ళలో మంగతాయారు కూడా ఉంది.

"ఏవండీ" అంది ఆవిడ, భర్త అటుగా వచ్చినప్పుడు. కేకలెయ్యలేదు, వెటకారం కూడా చెయ్యలేదు. "నాలుగు రోజులై అడుగెయ్యలేదు. కాలు మళ్ళీ బిగుసుకుంటోంది."

ఎప్పుడూ నోరు చేసుకునే మనిషి మెల్లిగా చెప్పేసరికి వరహాలరావు అక్కడ నిలబడలేకపోయాడు. నేరుగా కట్టరు దగ్గరికి నడిచాడు. సంచిలో చెయ్యి పెట్టి సానరాయి పట్టుకున్నాడు కూడా. సరిగ్గా అప్పుడే శిక్షకులందరూ చెయ్యి చాపి 'తిన్నని అంచే నా ధ్యేయం' అన్నారు. వరహాలరావు చెయ్యి దానంతట అదే సంచిలోంచి బయటికొచ్చి, వాళ్ళతోపాటు ముందుకి చాచుకుంది. అలవాటు అలాంటిది. ఆ సాయంత్రమంతా తనని తాను తిట్టుకుంటూనే ఉన్నాడు.

కోత నాణ్యతా వారోత్సవాల ముగింపు సభలో కోదండపాణిగారికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. మైకు ముందు లేచి నిలబడి గొంతు సవరించుకున్నారు.

"సభికులారా! చెడ్డ కోత ఎక్కడ పుడుతుంది? కోతలో పుడుతుంది. కోతే లేనిచోట చెడ్డ కోత ఉండగలదా?"

సభలో అందరూ ముందుకి వంగారు.

"పలకకూ గోడకూ కొలత కుదరనప్పుడు ఇన్నాళ్ళూ మనం పలకనే ఎందుకు శిక్షిస్తూ వచ్చాం? గోడకు బాధ్యత లేదా? ఇకమీదట పలకలు అఖండంగా పరచబడును. గోడయే పలక వద్దకు రావలెను!"

నిశాంత్ లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. కళ్ళు కూడా తుడుచుకున్నాడు.

చెప్పినట్టే చేశారు. పలకలన్నీ నిండుగా, ఒక్క గాటు లేకుండా పరిచేశారు. చివరి పలక ఆగినచోట లోపలివైపు కొత్త ఇటుక గోడలు లేపారు. ఇటుక విరుగుతుందే గాని తెగదు కాబట్టి అది కోత కిందకి రాదని అభిప్రాయం తీసుకున్నారు. ఒక కిటికీ గోడ వెనక్కి వెళ్ళిపోయింది. హాలు కొంచెం చిన్నదైంది. కాని నేల పడింది! వరహాలరావు పొద్దున్నే వెళ్ళి చెప్పులు విడిచి దానిమీద నడిచి చూశాడు. గరుకుగా, గట్టిగా, పాదాన్ని పట్టుకున్నట్టుగా ఉంది. ఇన్ని నెలల్లో మొదటిసారి అతనికి సంతోషమేసింది.

తలుపు దగ్గరికి వచ్చాక ఆ సంతోషం ఆగిపోయింది. గుమ్మంలో కూడా పలక తెగకూడదు కదా. అందుచేత గుమ్మాన్ని సరిగ్గా మూడు పలకల వెడల్పుకి కుదించారు. వరహాలరావు బయటినుంచి ఒక వాకరు తెచ్చి పెట్టి చూశాడు. పట్టలేదు. అడ్డంగా తిప్పాడు. తిరిగింది గాని, దాన్ని పట్టుకున్న మనిషి తిరగలేడు. పరుగున కోదండపాణిగారి దగ్గరికి వెళ్ళాడు.

"వాకరు పట్టదా?" అన్నారాయన తాపీగా. "వాకరు ఎవరికి?"

"నడవలేనివాళ్ళకండి."

"హాలు ఎందుకు?"

"నడక నేర్పడానికండి."

"నడక వచ్చినవారికి వాకరుతో పనేమి? సదరు గుమ్మాన్ని లక్ష్యం నెరవేరిన తరువాతి దశకు అనుగుణంగా రూపొందించడమైనది."

వరహాలరావు వెనక్కి వచ్చి వాకరుని ఎక్కడిది అక్కడ పెట్టేశాడు.

ప్రారంభోత్సవం రోజున గుమ్మానికి అడ్డంగా, నడుమెత్తున, ఎర్ర రిబ్బను కట్టారు. కట్టరుకి బంతిపూల దండ వేసి చక్రాల బండి మీద తీసుకొచ్చారు. అందరి ఎదుటా కత్తి విప్పి, కాటాలో పెట్టి తూచారు. పిసరంత తరుగు లేదని ప్రకటించగానే చప్పట్లు మోగాయి. రిబ్బనుని ఆ కట్టరుతోనే కోయించాలన్నది కోదండపాణిగారి పట్టుదల. ఒక్క చెడ్డ కోతా లేకుండా హాలు పూర్తి చేసిన యంత్రమది, దానికా గౌరవం దక్కకపోతే ఎలా?

రాజధాని నుంచి వచ్చిన ముఖ్య అతిథి రిబ్బనుని కత్తి కింద పెట్టి పిడి లాగాడు. రిబ్బను బుద్ధిగా మడత పడింది. పిడి ఎత్తగానే మళ్ళీ విచ్చుకుంది. ఇంకోసారి లాగాడు. మరో మడత పడింది.

"ఊపిరి వదులుతూ సార్" అన్నాడు నిశాంత్.

ముఖ్య అతిథి ఊపిరంతా వదిలేశాడు. కోదండపాణిగారు లాగారు. విభాగం మొత్తం వంతులవారీగా లాగింది. రిబ్బను మధ్యలో నలిగి, నమిలి వదిలిన తమలపాకులాగా అయింది గాని తెగలేదు. నూకరాజుని పిలిస్తే చొక్కా మీది బిళ్ళ చూపించి దణ్ణం పెట్టాడు. షకీలా జేబులోంచి కట్లు కత్తిరించే కత్తెర తీసి ఇవ్వబోయింది.

"అది వైద్య విభాగపు కత్తెర" అన్నారు కోదండపాణిగారు. "నిర్మాణపు పనులకు వాడరాదు."

రిబ్బను తెగందే ప్రారంభం కాదు, ప్రారంభం కాందే లోపలికి రోగులెవరూ అడుగు పెట్టకూడదు. 'రిబ్బను తెగినట్టుగా భావించడమైనది' అని తీర్మానం చెయ్యవచ్చునా లేదా అన్న చర్చ వచ్చింది. కట్టరుని పక్కకి లాగి, పెద్దలందరూ వరండా చివర గుమిగూడి ఆ తీర్మానం మాటల్లో పడ్డారు.

మంగతాయారు బల్ల మీదనుంచి లేచింది. వాకరు టకటకలాడించుకుంటూ గుమ్మం దాకా వచ్చింది. వాకరు గుమ్మానికి కొట్టుకుని ఆగిపోయింది. ఆవిడ లోపలున్న నేలని చూసింది, రిబ్బనుని చూసింది, తల తిప్పి భర్తని చూసింది.

వరహాలరావు వరండా చివరివైపు చూశాడు. పెద్దల వీపులు కనిపించాయి. మళ్ళీ భార్యవైపు చూశాడు. వచ్చి వాకరుని పట్టుకున్నాడు.

"ఇలా ఇచ్చెయ్యి తాయారూ" అన్నాడు. "నేను పట్టుకుంటాను. నువ్వెళ్ళు."

షకీలా ఆవిడ వెనకాలే, తాకకుండా, రెండు చేతులూ చాపి నిలబడింది. మంగతాయారు ఎడంచేత్తో రిబ్బనుని పట్టుకుంది. కుడికాలు ఎత్తి లోపల పెట్టింది. ఒంటిని ముందుకి తోసింది. అంతమంది నమిలిన చోట రిబ్బను చిన్న చప్పుడు కూడా చెయ్యకుండా విడిపోయింది, ఒకవైపు ముడి కూడా జారి ఆ ముక్క ఆవిడ చేతికొచ్చేసింది. ఆవిడ ఒక్క క్షణం ఊగింది.  నేల పట్టుకుంది. ఆవిడ నిలబడింది.

రిబ్బను ముక్క చేతిలో అలాగే ఉంది. అడుగు వేసింది. ఇంకో అడుగు వేసింది. కుడికాలు కొంచెం ఈడుస్తోంది, అయినా వస్తోంది. వరహాలరావు కళ్ళు తుడుచుకోలేదు, రెండు చేతులతో వాకరు పట్టుకుని ఉన్నాడు కదా.

"రిబ్బను తెగింది!" అని ఎవరో అరిచారు. పెద్దలందరూ పరిగెత్తుకొచ్చారు. కోదండపాణిగారు గుమ్మానికి వేలాడుతున్న ముక్కని పట్టుకుని భూతద్దం తీశారు.

"అంచు పీచులేచింది" అన్నారు బాధగా. "ఏ పరికరంతో కోశారు?"

అందరూ కట్టరువైపు చూశారు.

"సరే. రిబ్బను సంస్థ ఆస్తి. రెండు ముక్కలనూ కలిపి తూచవలెను. తరుగు ఉన్నచో విచారణ జరుపవలెను. రెండో ముక్క ఏది?"

"అదుగోనండి" అన్నాడు వరహాలరావు. హాలు అవతలి గోడ దగ్గర మంగతాయారు చేతిలో ఎర్రగా కనిపిస్తోంది.

"వెళ్ళి తీసుకురండి. ముఖ్య అతిథిగారికి ఆలస్యమవుతోంది."

ఇన్నేళ్ళ కొలువులో అలాంటి మాట వినగానే వరహాలరావు కాళ్ళు వాటంతట అవే పరిగెత్తేవి. ఈసారి అవి కదల్లేదు.

"ఆవిడే తెస్తుందండి" అన్నాడు. "కాస్త ఆగండి."

కోదండపాణిగారు భూతద్దం జేబులో పెట్టుకున్నారు. ఆగారు. ముఖ్య అతిథి ఆగాడు, నిశాంత్ ఆగాడు, బిళ్ళలు పెట్టుకున్న శిక్షకులందరూ ఆగారు. కాటా పట్టుకున్న మనిషి కాటా పట్టుకునే నిలబడ్డాడు. మంగతాయారు అవతలి గోడని ఒకసారి చేత్తో తాకి, మెల్లిగా ఇటు తిరిగింది. తొందరేమీ పడలేదు. అడుగు తరవాత అడుగు కూడదీసుకుంటూ, హాలంతా నడిచి గుమ్మం దాకా వచ్చింది. నుదుటి నిండా చెమట. చెయ్యి చాపి రిబ్బను ముక్కని కాటాలో పెట్టింది.

"తూచుకోండి బాబూ" అంది కోదండపాణిగారితో. "నేను ఇంకోసారి వెళ్ళొస్తాను."